ఛార్జర్ మీద గీత పడకూడదు

"మావా... దగ్గరకి వచ్చేత్తన్నాడు!"

పుష్ప మెడ తిప్పి వెనక్కి చూస్తోంది.

యారాడ ఘాట్ రోడ్డు. రాత్రి ఎనిమిది కూడా కాలేదు. బీచ్‌కి వచ్చినవాళ్ళని ఆరింటికే పంపించేశారు. కొండ మీద నరపురుగు లేదు.

వెనక రెండు గుండ్రటి లైట్లు.

వంపు తిరిగితే మాయం.

వంపు దాటితే మళ్ళీ ప్రత్యక్షం!

"నాను సూత్తన్నాలే... నువ్వు గుంటని గట్టిగా అట్టుకో!" ఎల్లారావు అరుస్తాడు.

గుంట అంటే పైడి. వాళ్ళ కూతురు. రెండేళ్ళు. కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని తల్లి ఒళ్ళో కూర్చుంది. ఏడవడం లేదు. పుష్పకి అదే ఎక్కువ భయంగా ఉంది. ఏడిస్తే బాగుండును.

ఇది అమెరికా బండి. డాడ్జ్ ఛార్జర్. వయసు యాభై పైనే. స్టీరింగ్ ఎడమవైపు. అక్కడ కూర్చుని ఎల్లారావు తిప్పుతున్నాడు. పుష్ప కుడివైపు, మామూలు కార్లలో డ్రైవర్ ఉండే చోట కూర్చుంది. ఎదురుగా ఏమీ లేదు. పట్టుకోవడానికి పిల్ల ఒక్కతే ఉంది.

ఇంజన్ ఘీంకరిస్తోంది. నేల అదురుతోంది. ఎత్తుకి లాగలేక కాదు... ఆపుకోలేక!

"గురువులు సచ్చిపోయాడా మావా?"

ఎల్లారావు స్టీరింగ్ తిప్పాడు.

"నువ్వు సూసావు కదా... సచ్చిపోయాడా?"

"సచ్చిపోయాడే! నోరు మూసుకో!"

అరగంట కూడా కాలేదు. పెయింటర్ గురువులు ఛార్జర్‌కి ఆఖరి పాలిష్ పెట్టాడు. గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంక నాను ఎల్తాను రాజు బాబూ," అన్నాడు.

"వెళ్ళు," అన్నాడు కృష్ణంరాజు.

అని, కాల్చాడు.

అంతే. తిట్టలేదు. కోప్పడలేదు. దీపం ఆర్పినట్టు కాల్చాడు.

రాజు పోర్టులో తుక్కు కాంట్రాక్టరు. తుక్కు ఇనుము పేరు చెప్పి కంటైనర్ దించాడు. ముందు వరసలో తుక్కు. వెనక వరసలో రెండు కార్లు. ఒకటి ఈ అమెరికా ఛార్జర్, తుప్పు పట్టి, ఇంజన్ ఊడదీసి పక్కన పెట్టి. రెండోది వెండి రంగు ఇటలీ కారు, చెక్కుచెదరకుండా.

యారాడ వెనక రేకుల షెడ్డులో నాలుగు నెలలు పని. టింకరింగూ ఇంజనూ ఎల్లారావువి. రంగు గురువులుది. వంట పుష్పది. రేపు పొద్దున్న కొనేవాడు వస్తాడు. ఈ కార్లు ఎలా వచ్చాయో తెలిసినవాళ్ళు ఆ పొద్దు చూడకూడదు!

ఎల్లారావు పెళ్ళాన్నీ పిల్లనీ ఈడ్చుకొచ్చి ఛార్జర్లో కుక్కాడు. తాళం దానికే ఉంది. షెడ్డు తలుపు తీసే ఉంది.

రాజు పిస్తోలు ఎత్తాడు. అడుగుల దూరం. తప్పేదే కాదు!

"సర్! కారు! కారుకి తగులుద్ది!"

పక్కనున్న దేవీప్రసాద్ రాజు చెయ్యి పట్టేసుకున్నాడు. ఆ చెయ్యి పట్టుకోబట్టే ఈ ముగ్గురూ ఇంకా ఊపిరి పీలుస్తున్నారు.

దేవీప్రసాద్ ఉండేది మధురవాడలో. పాత కార్లకి వెల కట్టడం అతని పని. బంగారం షాపులో గీటురాయి లాంటి మనిషి.

ఫోన్ మోగింది.

ఎల్లారావు ఫోన్. సీటు మధ్యలో పడి గిలగిల్లాడుతోంది. పుష్ప తీసి స్పీకర్ నొక్కింది.

"ఎల్లారావూ." రాజు గొంతు. తొందర లేదు. "బండి పక్కన పెట్టరా."

"పెడితే ఏటి సేత్తారు బాబూ?"

"బండి తీసుకుంటాను."

"మమ్మల్ని?"

అవతల నవ్వు. "మీకు రేటెవడు కట్టాడ్రా?"



మొన్న టీ ఇస్తున్నప్పుడు విన్నదంతా పుష్పకి గుర్తుకొచ్చింది. దేవీప్రసాద్ ఆమె ఎదురుగానే చెప్పాడు. పనివాళ్ళ ముందు ఏదైనా మాట్లాడొచ్చని అతని ధీమా.

"అమెరికా వాడు ఈ బళ్ళు ఇడ్లీల్లా దింపాడు సర్, వేలకి వేలు. అయినా మనది రెండు కోట్లు పలుకుద్ది. ఎందుకో తెలుసా? కుర్రతనంలో కొనుక్కోలేనోళ్ళంతా ఇప్పుడు ముసలాళ్ళయి డబ్బు పట్టుకు తిరుగుతున్నారు. వాళ్ళు పోతే రేటు పోద్ది."

"మరి ఇటలీది?"

"అది వేరే సర్. చేత్తో కొట్టిన అల్యూమినియం రేకు. మొత్తం అరవయ్యే చేశారు. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇంకా అలాగే ఉంది. ఆరు కోట్లు. ఎవడు చచ్చినా దాని రేటు పడదు."

ఆరు కోట్లు! ఆ ఇటలీ కారే ఇప్పుడు వెనక తరుముతోంది. షెడ్డులో ఇంకో బండి లేక రాజు, దేవీప్రసాద్ అదే ఎక్కారు.

చిన్నది. తేలిక. వంపుల్లో పాములా జారుతోంది.

తిన్నటి రోడ్డులో ఛార్జర్ దూకుతోంది. వంపు రాగానే దున్నపోతులా ఒరిగిపోతోంది. ప్రతి వంపుకీ దూరం తగ్గుతోంది.

ఇరవై గజాలు...

పది!

"రాజుగారూ!" పుష్ప ఫోన్లో అరిచింది. "నా సేతిలో స్క్రూడ్రైవర్ ఉంది!"

నిజంగానే ఉంది. కాళ్ళ దగ్గర దొర్లుతుంటే తీసింది.

"ఉంటే?"

"గీకేత్తాను."



అద్దం దించింది. చెయ్యి బయట పెట్టింది. గాలికి చీర కొంగు మొహాన కొట్టుకుంటోంది. తలుపు మీద, గురువులు రెండు వారాలు రుద్దిన ఎర్ర రంగు మీద... మొన ఆనించింది.

కిర్ర్ర్ర్...

"అమ్మా...!" ఫోన్లో దేవీప్రసాద్ కేక. కాలు విరిగినవాడి కేక.

"ఎంత పోయింది?" రాజు అడుగుతున్నాడు.

"రెండు లక్షలు సర్! డోర్ మొత్తం మళ్ళీ కొట్టాలి! వెనక్కి తగ్గండి... ప్లీజ్ సర్, వెనక్కి తగ్గండి!"

లైట్లు వెనక్కి తగ్గాయి.

తొమ్మిదో తరగతిలో బడి మానేశాక పుష్ప గీసిన మొదటి గీత. రెండు లక్షలు!

ఎల్లారావు పగలబడి నవ్వాడు. భయం ముదిరితే వచ్చే నవ్వు.

"ఓలమ్మ! గీత్తే రెండు లచ్చలా? ఇంకోటి గియ్యే!"

"నవ్వకు మావా. రోడ్డు సూడు."

"వాడి బండి ఆరు కోట్లు కదేటి?"

"అవును. అయితే?"

"మనది ఇనుము. వాడిది సత్తు రేకు." ఎల్లారావు కళ్ళు మెరిశాయి. "గుంటని అట్టుకో!"

బ్రేక్ తొక్కేశాడు!

టైర్లు కీచుమన్నాయి. కాలిన రబ్బరు వాసన. పైడి తల పుష్ప గెడ్డానికి ఠంగున తగిలింది.

వెనక లైట్లు పిచ్చిగా ఊగాయి. ఇటు... అటు... గుట్ట వైపు... లోయ వైపు... ఆగాయి.

జానెడు దూరంలో!

ఫోన్లో ఎవరో వెక్కుతున్నారు. దేవీప్రసాదే.

"ఎల్లారావూ!" రాజు మొదటిసారి అరిచాడు. "ఇంకోసారి ఇలా చేశావంటే నీ పిల్లని..."

"ఏటి సేత్తావ్? కాలుత్తావా? కాల్చు! అద్దం ఎంత? అమెరికా నించి తెప్పించాలి కదేటి?"

మళ్ళీ యాక్సిలరేటర్. మళ్ళీ ఘీంకారం!

ఇంకో మూడు వంపులు. పైకెక్కితే అవతల సింధియా సెంటరు లైట్లు. జనం. ఆటోలు. టీ కొట్లు. జనంలో పడితే చాలు. జనంలో ఎవడూ కాల్చడు.

రెండు వంపులు.

పుష్ప పైడి చెవిలో చెబుతోంది. "అయిపోయిందమ్మా... అయిపోయింది... ఎల్లిపోతాం..."

ఒక్క వంపు!

ఇంజన్ దగ్గింది.

"ఏటయింది?"

మళ్ళీ దగ్గింది. బండి ముందుకి తూలింది. గడగడ... గడ...

ఆగిపోయింది.

నిట్టనిలువు ఎత్తులో. రోడ్డు నడిమధ్యన.

"ఏటి మావా?"

"పెట్రోలు."

"ఎంత పోసావు?"

"ఇంజన్ ఆడించి సూడ్డానికని మూడు లీటర్లు పోసాను." నుదుటి మీద కొట్టుకున్నాడు. "ఇది ఇంజన్ కాదే... తాగుబోతు!"

గేరు లివర్‌ని P లోకి, అంటే పార్కింగ్‌లోకి తోశాడు. బండి నిలబడింది.

వెనక ఇటలీ కారు కూడా నిలబడింది. పదిహేను అడుగుల కింద. లైట్లు ఆర్పలేదు.

తలుపులు తెరుచుకున్న చప్పుడు. రెండు.

"దిగు," రాజు అన్నాడు. ఇప్పుడు ఫోన్ అక్కర్లేదు. చేతిలో పిస్తోలు.

"దిగొద్దు మావా," పుష్ప గుసగుసలాడింది. "ఇందులో ఉన్నంతసేపే మనకి రేటు."

"కాల్చండి బాబూ!" ఎల్లారావు కిటికీలోంచి అరిచాడు. "సీటు మీద రకతం పడితే ఎంత తగ్గుద్దో సారుని అడిగి కాల్చండి!"

"ఒరిజినల్ లెదర్ సర్..." దేవీప్రసాద్ గొణిగాడు. "బ్లడ్ పడితే పోదు. లోపల కాల్చొద్దు."

రాజు నిట్టూర్చాడు. పిస్తోలు కిందకి దించాడు.

"సరేరా. నువ్వే గెలిచావు. దిగి పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని నడిచి వెళ్ళిపో. ఎలమంచిలిలో మీ అత్తారిల్లు ఉంది కదా, అక్కడికి పో. నోరు మూసుకుని బతుకు. నాకు కారు కావాలి. నువ్వెందుకు?"

"నిజంగా ఒగ్గేత్తారా బాబూ?"

"ఒట్టు."

"మావా, వద్దు!" పుష్ప అతని చొక్కా పట్టుకుంది. "గురువుల్ని కూడా ఎల్లమనే కాల్చాడు!"

"ఎంతసేపు కూకుంటామే ఇందులో? తెల్లారేదాకానా?" ఆమె చెయ్యి విడిపించుకున్నాడు. "నాను మాటాడతాను. నా పని సూసి ఒగ్గేత్తారు."

దిగాడు. తలుపు తెరిచే ఉంచి, దాని వెనక నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"బాబూ, దొంగతనానికి తేలేదు. పానం బయంతో తెచ్చాను. బండికి ఏటీ అవలేదు. ఆ గీత ఒక్కటే. అది నానే సరిసేసి పెడతాను."

"మంచిది."

"నాలుగు నెల్లు ఈ బండి మీదే కదా బాబూ పడుకున్నాను... మా యారాడ గాలికి ఇనుము ఆర్నెల్లు ఆగదు. మీరు తెచ్చినప్పుడు ఇంజన్ ఎలాగుంది? ఉప్పు సేపలాగ ఉంది. ఇప్పుడు సూడండి, అద్దం! మా పడవల ఇంజన్లకి ఎలా సేత్తామో అలాగే సేసాను. తెల్ల ఇనుము తేలేదాకా గ్రైండర్ అట్టి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, దాని మీద రంగేసి..."

"ఏది గ్రైండ్ చేశావు?"

దేవీప్రసాద్ గొంతు. సన్నగా ఉంది.

"ఇంజన్ బ్లాకు సార్."

"బ్లాకు... ఎక్కడెక్కడ?"

"అంతా సార్! మూల వదల్లేదు. ఒక పక్కన రెండు వేళ్ళ మేర ఏవో అంకెలు గుద్దుంటే, ఆ సందుల్లో తుప్పు కూకుంది. తుప్పు సందులోనే బతుకుద్ది కదేటి? నిన్న రాత్రే అదీ నున్నగా లాగేసాను. సెయ్యి పెట్టి సూడండి, జారిపోద్ది!"

ఎల్లారావు మొహంలో గర్వం. తను చేసిన పనుల్లో అదే గొప్ప పని అన్నట్టు.



కింద ఎక్కడో సముద్రం.

దేవీప్రసాద్ రోడ్డు మీద కూలబడ్డాడు. తల పట్టుకున్నాడు.

"ఏమైంది?" రాజు అడిగాడు.

"ఆ అంకెలే సర్ రెండు కోట్లు..." అతను మాట కూడదీసుకున్నాడు. "ఈ బాడీతో పుట్టిన ఇంజన్ ఇదేనని చెప్పేది అవే. ఇటలీ బండికి రంగు ఎలాగో, అమెరికా బండికి అవి అలాగ. కొనేవాడు ముందు అక్కడే టార్చి వేస్తాడు. అవి లేకపోతే ఇది ఎవడి ఇంజనో... ఎవడి బాడీయో..."

"మళ్ళీ గుద్దిస్తే?"

"పట్టేస్తారు సర్. దొంగ బండి అంటారు. అప్పుడు ఇటలీది కూడా కొనరు."

"ఇప్పుడు రేటెంత?"

"పాతిక. ముప్ఫై లక్షలు. అదీ ఎవడైనా అడిగితే."

రాజు చాలాసేపు ఛార్జర్ వైపు చూశాడు. ఇంతసేపూ అది బండి. ఇప్పుడు తుక్కు. తుక్కు గురించి అతనికి బాగా తెలుసు.

"అయితే ఇప్పుడు కాల్చొచ్చా?"

దేవీప్రసాద్ కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు.

"కాల్చుకోండి సర్. అద్దాలు పగిలినా పర్లేదు."

"ఏటి తప్పు సేసాను బాబూ? తుప్పు తీసాను..."

ఢాం!

ఎల్లారావు తలుపు వదిలేశాడు. పక్కకి, గడ్డిలోకి పడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటిలో ఇంకా అదే ప్రశ్న.

అప్పుడు ఏడ్చింది పైడి.

గుక్క పెట్టి... కొండ దద్దరిల్లేలా!

పుష్ప ఏడవలేదు.

వెనక చూసే చిన్న అద్దంలో రాజు కనిపిస్తున్నాడు. రెండు కార్ల మధ్య నిలబడ్డాడు. పిస్తోలు చేతిలో. మనిషిలో తొందర లేదు.

"పుష్పా... దిగమ్మా. పిల్లని కూడా దింపు."

ఆమె పిల్లని చంకనేసుకుని ఎడమ సీటులోకి జరిగింది.

చెయ్యి లివర్ మీద పడింది.

షెడ్డులో ఈ బండిని జరపాల్సి వచ్చినప్పుడల్లా ఎల్లారావు ముందుండి తోసేవాడు. ఆమె ఇక్కడ కూర్చునేది. "N లో పెట్టే! ఇప్పుడు P!" అని అరిచేవాడు. N లో పెడితే బండి ఎటు వాలు ఉంటే అటు పోతుంది.

ఇక్కడ వాలు వెనక్కి ఉంది.

లాగింది. రాలేదు. బండి బరువంతా దాని మీదే ఉంది.

రెండు చేతులూ వేసి... పిల్ల మోకాళ్ళ మీద పడి కేకలేస్తోంది... లాగింది!

టక్!

రెండు టన్నుల ఇనుము కదిలింది.

"ఏయ్!"

ఢాం!

వెనక అద్దం భళ్ళున పగిలింది. గుండు కుడి సీటులో దిగింది. ఇందాకటిదాకా పైడి కూర్చున్న సీటు. స్పాంజి పైకి లేచింది.

బండి ఆగలేదు. జారుతోంది... జోరుగా... ఇంకా జోరుగా!

రాజు పక్కకి దూకొచ్చు. ఒక్క గెంతు చాలు. దూకబోయాడు కూడా.

"సర్! మన బండి! ఆరు కోట్లు సర్!!"

దేవీప్రసాద్ కేక.

రాజు వెనక్కి చూశాడు. వెండి రంగు ముక్కు. అరవైలో ఒకటి.

పిస్తోలు వదిలేశాడు. రెండు అరచేతులూ ఛార్జర్ డిక్కీకి ఆనించాడు. కాళ్ళు తన్నిపెట్టాడు. ఆపగలననే అనుకున్నాడు!

కారు కారుని గుద్దుకున్న శబ్దం రాలేదు.

మధ్యలో మెత్తటిది ఉంది.

తర్వాత ఒక కేక. అది కూడా సగమే.

ఇటలీ కారు మూడడుగులు వెనక్కి జరిగి, గుట్ట రాయికి టైరు ఆనుకుని ఆగింది. దానికి ఆనుకుని ఛార్జర్ ఆగింది.

దేవీప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు. ఫోన్ టార్చి వేశాడు. రాజు మీద కాదు. అతని నడుము వెనక నలగకుండా మిగిలిన వెండి రేకు మీద.

"లేదు... డెంట్ లేదు..." గాలి పీల్చుకున్నాడు. "గీత కూడా లేదు! దేవుడా!"

రుమాలు తీశాడు. బానెట్ మీద పడ్డ నెత్తురుని ఒత్తుతున్నాడు. రుద్దడం లేదు. రుద్దితే రంగు పోతుంది.

తలెత్తాడు.

పుష్ప ఎదురుగా నిలబడి ఉంది. ఎడమ చంకలో పిల్ల. కుడి చేతిలో రాజు పిస్తోలు.

"ఏయ్... ఏయ్! పిచ్చిపని చెయ్యకు!" చేతులు ఎత్తాడు. "రాజు పోయాడు. నీకూ నాకూ గొడవేం లేదు. నువ్వు వెళ్ళిపో. నేను ఈ బండి తీసుకుపోతాను."

"కాల్చుకోమన్నావు."

"అది... అది రేటు చెప్పానమ్మా! నా పని అది! కాల్చింది నేనా?"

ఆమె పిస్తోలు దించలేదు.

అతని గొంతు మారింది. "చూడు... రాజుకి మనుషులున్నారు. ఎలమంచిలిలో మీ అమ్మ ఇల్లు వాళ్ళకి తెలుసు. నేనొక్క ఫోన్ చేస్తే నువ్వూ నీ పిల్లా రేపటికి ఉండరు. చెయ్యను. ఆ పిస్తోలు దించితే చెయ్యను."

పైడి ఏడుపు ఆపింది. తల్లి మెడలో మొహం దాచుకుంది.

పుష్ప పిస్తోలు ఇంకాస్త ఎత్తింది.

"కారు వైపు వద్దు!" దేవీప్రసాద్ కెవ్వుమన్నాడు. బానెట్‌కి అడ్డంగా చేతులు చాపాడు. "కారు మీద కాల్చకు! అల్యూమినియం... మాటు వెయ్యడం కుదరదు! నీకు తెలీదు, ఇలాంటిది ఈ దేశంలోనే ఇంకోటి లేదు!"

"కారుని నానేటీ సెయ్యను సారూ," పుష్ప అంది.

"నిజంగానా?"

"మా మావ నాలుగు నెల్లు తుడిసాడు దాన్ని. నాను ఎందుకు పాడుసేత్తాను?"

అతని మొహం వికసించింది.

"అదీ! అదీ మాట!"

"మీరు పక్కకి రండి."

"వస్తా... వస్తా..."

వచ్చాడు. ఒక అడుగు. రెండు. కారు వైపు చూసుకుంటూ మూడో అడుగు కూడా వేశాడు. ఇంక దానికి ఏమీ తగలదు.

పుష్ప ఎడమ చేత్తో పిల్ల చెవి మూసింది.

ఢాం!

వెండి రేకు మీద కొత్తగా ఒక్క చుక్క కూడా పడలేదు.